ఆ పది లీటర్లు ఎక్కడికి పోయాయి?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఊళ్లో నలుగురికీ తెలిసిన మనిషినని, పేరు వేయవద్దని కోరారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆయనకు 66 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా బట్టల దుకాణం నడిపి, మూడేళ్ల కిందట వ్యాపారం చాలించుకున్నారు. పద్నాలుగు నెలల కిందట ఒక చిన్న పెట్రోల్ కారు కొని కొన్నాళ్లు స్వయంగా నడిపారు. కంటి ఆపరేషన్ అయ్యాక నడపడం మానేసి, తమ దుకాణంలో పదిహేనేళ్లు పనిచేసిన గుమాస్తాగారి కొడుకును డ్రైవరుగా పెట్టుకున్నారు. అతనికి ఇరవై ఆరేళ్లు. మధ్యాహ్న భోజనం వీరింట్లోనే. మార్కెట్టు, గుడి, వారానికి మూడు రోజులు భార్యను మోకాళ్ల ఫిజియోథెరపీకి తీసుకువెళ్లడం, అప్పుడప్పుడు ఒక దూరప్రయాణం, ఇదీ ఆ కారుకు పని.

కొన్నప్పుడు షోరూములో లీటరుకు 21 కిలోమీటర్లు వస్తుందన్నారు. డాష్‌బోర్డు మీద సగటు 17.1 అని కనిపిస్తోంది. జనవరి మొదటి వారంలో ఒకసారి రీసెట్ చేశాక మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. అదే రోజు నుంచి ఆయన ఒక డైరీ పెట్టి, ప్రతిసారీ ఫుల్ ట్యాంక్ చేయించి, కిలోమీటర్లూ లీటర్లూ రాసుకుంటున్నారు. మార్చి మధ్య వరకు ఆరుసార్ల లెక్క ఉత్తరంలో దించి, బిల్లుల జిరాక్సులు జతచేశారు. మొదటిసారి 412 కిలోమీటర్లకు 25.1 లీటర్లు పట్టింది; రెండోసారి 236కు 18.2, మూడోసారి 268కి 14.6, నాలుగోసారి 455కు 28.4, ఐదోసారి 198కి 15.9, ఆరోసారి 305కు 16.7. భాగిస్తే మైలేజీ వరసగా 16.4, 13.0, 18.4, 16.0, 12.5, 18.3 వచ్చింది.

రెండోసారి, ఐదోసారి పెట్రోలు పోయించినప్పుడు ఆయన కారులో లేరు. భార్యతో ఫిజియోథెరపీ దగ్గర దిగి, ఈలోగా పోయించుకు రమ్మని డ్రైవరును పంపారు. ఆ తర్వాత తాము పక్కన కూర్చుని పోయించిన మూడోసారి, ఆరోసారి మైలేజీ 18 దాటింది. "నేనుంటే పద్దెనిమిది, నేను లేకుంటే పన్నెండు పదమూడు. ఇంతకన్నా రుజువేం కావాలి?" అని రాశారు. ఒక్కోసారి ఐదు లీటర్ల చొప్పున రెండుసార్లకు పది లీటర్లు, పదకొండు వందల రూపాయల పైచిలుకు పోయిందని లెక్క తేల్చి, ఒక సాయంత్రం బావమరిది ఎదుటే అతణ్ని నిలదీశారు. అతను "నేను తియ్యలేదు బాబుగారూ" అని ఒక్క మాట అని, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే పనిలోకి వచ్చాడు గానీ, ఆనాటి నుంచి ఆ ఇంట్లో అన్నం ముట్టడం లేదు. క్యారేజీ తెచ్చుకుని కారులో కూర్చుని తింటున్నాడు. వాడు తీసే మనిషి కాడని భార్య అంటున్నారు. ట్రాకర్ పెట్టించి, ముందు వాణ్ని మాన్పించమని హైదరాబాదులో ఉన్న కొడుకు చెబుతున్నాడు. ఇది బంకువాళ్ల మోసమని బావమరిది వాదన. కారు మైలేజీని అసలు ఎంత కచ్చితంగా కొలవవచ్చు, ఈ కుర్రవాణ్ని ఉంచాలా, పంపేయాలా అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

అయ్యా,

మీరు అడిగిన రెండు ప్రశ్నలలో రెండోది పూర్తిగా మొదటిదాని మీద ఆధారపడి ఉంది. ఒక మనిషి మీద మోపిన నేరానికి మీ దగ్గర ఉన్న ఆధారం ఆ డైరీ ఒక్కటే కనుక, ఆ అంకెలు ఎంత బరువు మోయగలవో ముందు చూడాలి. మీరు లెక్క రాసిన పద్ధతి మంచిదే. కిలోమీటర్లను మీటరు నుంచి, లీటర్లను బిల్లు నుంచి తీసుకున్నారు. ప్రతిసారీ ట్యాంకు నింపించారు. చాలామంది ఈ మాత్రం కూడా చేయరు. పొరపాటు రాతలో లేదు, దాన్ని చదవడంలో ఉంది.

దుకాణం నడిపినవారు కాబట్టి మీకు తెలిసిన లెక్కతోనే చెబుతాను. ఒక నెలలో ఎంత సరుకు పోయిందో తెలియాలంటే ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు కలిపి, ముగింపు నిల్వ తీసేస్తారు. ఏదో ఒక నెలాఖరున అటక మీద ఉన్న యాభై చీరలను లెక్కపెట్టడం మరిచిపోయారనుకుందాం. ఆ నెల యాభై చీరలు ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది. అవే చీరలు మరుసటి నెల నిల్వలోకి ఎక్కుతాయి కనుక, ఆ నెల యాభై తక్కువ పోయినట్టు కనిపిస్తుంది. రెండు నెలలూ కలిపి చూస్తే తేడా ఉండదు. ట్యాంకు లెక్క కూడా అచ్చం ఇదే. "ఈసారి పోయించినది ఎంతో, ఖర్చయినది అంతే" అని మనం భాగహారం చేసేటప్పుడు, కిందటిసారీ ఈసారీ ట్యాంకు సరిగ్గా ఒకే మట్టానికి నిండిందని నమ్ముతున్నాం. ఈసారి మూడు లీటర్లు ఎక్కువ మట్టానికి నింపితే, ఆ మూడు లీటర్లూ ట్యాంకులోనే భద్రంగా ఉన్నా, లెక్కలో ఖర్చయినట్టు పడి మైలేజీ దిగజారుతుంది. తర్వాతిసారి మామూలు మట్టానికి నింపితే మూడు లీటర్లు తక్కువ పట్టి మైలేజీ పైకి లేస్తుంది.

ఇప్పుడు మీ డైరీ తెరిచి రెండో పద్దు, మూడో పద్దు కలిపి చూడండి. 504 కిలోమీటర్లు, 32.8 లీటర్లు, మైలేజీ 15.4. ఐదో పద్దు, ఆరో పద్దు కలపండి. 503 కిలోమీటర్లు, 32.6 లీటర్లు, మళ్లీ 15.4. పదమూడు, పద్దెనిమిది అంటూ ఎగిరిపడిన అంకెలు జంటగా కలిపేసరికి రెండుచోట్లా ఒకే అంకె దగ్గర కుదురుకున్నాయి. ఇక అన్నవరం వెళ్లివచ్చిన మొదటి పద్దును, విజయవాడ వెళ్లివచ్చిన నాలుగో పద్దును కలిపితే 867 కిలోమీటర్లకు 53.5 లీటర్లు, అంటే 16.2. హైవే మీద కొంచెం ఎక్కువ, ఊళ్లో కొంచెం తక్కువ. ఏ కారుకైనా ఉండవలసిన వరసే ఇది. ఆరు పద్దులూ కలిపితే 1,874 కిలోమీటర్లకు 118.9 లీటర్లు. మీ కారు మైలేజీ 15.8.

మీ ఆరోపణ నిజమని కాసేపు ఒప్పుకుని చూద్దాం. రెండోసారి 18.2 లీటర్లకు బిల్లు తీసుకుని, అందులో ఐదు లీటర్లు అతను డబ్బాలోకి మళ్లించి ఉంటే, ట్యాంకులోకి వెళ్లింది పదమూడు లీటర్లే. ట్యాంకు మామూలు మట్టం దాటి నిండే అవకాశమే లేదు. అలాంటప్పుడు మూడోసారి 268 కిలోమీటర్లకు మీ కారు సగటున తాగవలసిన పదిహేడు లీటర్లూ పట్టాలి. కానీ పట్టింది 14.6. ఆ తగ్గిన రెండున్నర లీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? రెండోసారి బిల్లులో ఎక్కువగా కనిపించిన పెట్రోలు ట్యాంకులోనే ఉండి, మూడో పద్దులో ఖర్చయింది. ఐదు, ఆరు పద్దులలోనూ ఇదే జరిగింది. దొంగతనం వల్ల గానీ, ట్యాంకు కారడం వల్ల గానీ మైలేజీ పడితే, పడిన తర్వాత మామూలు స్థాయికి వస్తుంది తప్ప మామూలును మించి పైకి లేవదు. మీరు రుజువుగా చూపించిన ఆ పద్దెనిమిదే అతని పక్షాన సాక్ష్యం చెబుతోంది.

పైగా ఐదేసి లీటర్లు పోయాయన్న మీ లెక్క ప్రకారం మీ కారు మార్కెట్టు సందుల్లో 18 ఇస్తూ, నేషనల్ హైవే మీద 16 ఇస్తున్నట్టు అవుతుంది. అలా నడిచే మామూలు పెట్రోల్ కారు ఉండదు.

మరి ఆ రెండుసార్లు ట్యాంకు ఎక్కువ మట్టానికి ఎందుకు నిండింది? మీరు పంపిన బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. మీరు దగ్గరుండి పోయించిన నాలుగు బిల్లుల్లోనూ రూపాయలు చిల్లర అంకెలతో ఉన్నాయి. అంటే పెట్రోలు పోసే నాజిల్ దానంతట అది ఆగినచోట ఆపారు. మిగిలిన రెండింటిలో ఒకటి సరిగ్గా 2,000 రూపాయలు, ఇంకొకటి సరిగ్గా 1,750. ఈ రెండూ వేరే బంకువి. ఫుల్ ట్యాంక్ అన్నాక అంకె అంత గుండ్రంగా వచ్చిందంటే, నాజిల్ ఆగిన తర్వాత కూడా బంకు కుర్రవాడు మళ్లీ మళ్లీ నొక్కి, మెడ దాకా నింపి, రౌండు చేసి ఉండాలి. మన బంకుల్లో నిత్యం జరిగే పని ఇది.

నాజిల్ ఎలా ఆగుతుందో తెలిస్తే దీని ప్రభావం అర్థమవుతుంది. దాని మూతి దగ్గర సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోతుంటుంది. ట్యాంకు మెడలో పెట్రోలు ఎగసి ఆ రంధ్రాన్ని మూసేయగానే గాలి ఆగి, లోపల పీడనం పడిపోయి, మీట టక్కున జారిపోతుంది. అంటే ఆ టక్కు శబ్దానికి అర్థం పెట్రోలు నాజిల్ మూతిని తాకిందని మాత్రమే, ట్యాంకు నిండిందని కాదు. ధార జోరుగా ఉంటే నురగ పొంగి ముందే ఆగుతుంది. నాజిల్ లోతుగా పెడితే ఒకలా, పైకి పెడితే ఒకలా ఆగుతుంది. బంకులో నేల ఏటవాలుగా ఉంటే ఇంకోలా. నా సొంత కారుకు ఒకసారి దగ్గరుండి చూశాను. మొదటి టక్కు దగ్గర రీడింగ్ రాసుకుని, ఇక నెమ్మదిగా మెడ దాకా పోయమన్నాను. మరో 3.1 లీటర్లు పట్టింది. మీ రెండో పద్దులో మామూలు కన్నా ఎక్కువ పట్టింది దాదాపు 3.2 లీటర్లు, ఐదో పద్దులో 3.3. సరిపోతున్నాయి కదా. ఇలా మెడ దాకా నింపడం కారుకు కూడా మంచిది కాదు. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి ద్రవమే చేరి అది పాడవుతుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ డైరీ అతణ్ని ఐదు లీటర్ల నేరం నుంచి తప్పిస్తుంది గానీ, అర లీటరు, ఒక లీటరు సంగతి తేల్చలేదు. అంత చిన్న తేడాను పట్టే శక్తి ట్యాంకు లెక్కకు లేదు. ఒక్క ట్యాంకు మీద, అదీ పదిహేను లీటర్లు పట్టినప్పుడు, మట్టంలో ఒక లీటరు తేడా ఉంటే మైలేజీలో ఏడు శాతం తేడా వచ్చేస్తుంది. మూడు లీటర్లు ఉంటే ఇరవై శాతం. కానీ వరసగా పద్దులు కలుపుతూ పోతే మధ్యలోని తేడాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొదటి నింపుడు, చివరి నింపుడు, ఈ రెండింటి తేడా మాత్రమే మిగులుతుంది. మీరు ఈ రెండుసార్లూ దగ్గరుండి మొదటి టక్కుకే ఆపించారు కనుక, 118.9 లీటర్ల మీద ఒక లీటరు అటూఇటూ అనుకున్నా తేడా ఒక శాతమే. అందుకే 13.0ను గానీ 18.4ను గానీ నమ్మవద్దని, 15.8ను నమ్మవచ్చని అంటున్నాను. ఆరు మైలేజీలను కూడి ఆరుతో భాగించే అలవాటు కూడా వద్దు. ఈసారి యాదృచ్ఛికంగా దాదాపు అదే జవాబు వచ్చింది గానీ, ఎప్పుడూ రాదు. మూడు వందల కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, ఇంకో మూడు వందలు 20 చొప్పున నడిచిన కారు సగటు 15 కాదు. ఆరు వందల కిలోమీటర్లకు నలభై ఐదు లీటర్లు తాగింది కాబట్టి 13.3.

మిగిలిన కొలతల సంగతి త్వరగా చెబుతాను. కిలోమీటర్ల మీటరు చక్రం తిరిగిన లెక్కను బట్టి నడుస్తుంది. కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. టైరు మార్చవలసిన పరిమితి 1.6 మిల్లీమీటర్లు. అంత అరిగేసరికి చక్రం వ్యాసార్ధం రెండు శాతం తగ్గి, మీటరు ఆ మేరకు ఎక్కువ దూరం చూపుతుంది. విజయవాడ వెళ్లేటప్పుడు కిలోమీటరు రాళ్లతో ఒక ఇరవై కిలోమీటర్లు సరిచూసుకోండి. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుందన్నది నిజమే, డిగ్రీకి వెయ్యింట ఒక వంతు; కానీ బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది కనుక పొద్దునకూ మధ్యాహ్నానికీ అక్కడ చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. డాష్‌బోర్డు అంకె కూడా పెట్రోలును కొలిచి చూపేది కాదు. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్నదాన్ని బట్టి కంప్యూటరు వేసే అంచనా అది. చాలా కార్లలో అసలుకంటే కొంత ఎక్కువే చూపుతుంది. మీ కారులో 15.8 ఉండవలసినచోట 17.1 చూపుతోంది. ఎక్కువ చూపినా దాదాపు ఒకే పాళ్లలో ఎక్కువ చూపుతుంది కాబట్టి, ఇకపై డాష్‌బోర్డు అంకెను 0.92తో గుణిస్తే అసలుకు దగ్గరగా వస్తుంది. ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చి చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

మీ బావమరిదిగారి అనుమానం తీర్చుకోవడం తేలిక. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. వినియోగదారుడు అడిగితే దానిలో పోసి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు, అంటే అర శాతం. అంతకు మించి తగ్గితే ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. కాకపోతే ఒక బంకు నిజంగానే రెండు శాతం తక్కువ పోసినా, 18.2 లీటర్లలో అది మూడు వందల యాభై మిల్లీలీటర్ల చిల్లర. పదమూడుకూ పద్దెనిమిదికీ మధ్య ఉన్న అగాధాన్ని అది పూడ్చలేదు.

ఇక 21 అంకె. అది మీ ఊళ్లో కొలిచింది కాదు. మన దేశంలో ఆ అంకెను పుణేలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలలో, కారును రోలర్ల మీద నిలిపి, నిర్ణీత పద్ధతిలో నడిపి నిర్ధారిస్తారు. సుమారు ఇరవై నిమిషాల పరీక్ష, పదకొండు కిలోమీటర్లకు మించని దూరం, గరిష్ఠ వేగం గంటకు 90, ఏసీ ఆపి ఉంటుంది. పొగగొట్టం నుంచి వచ్చే వాయువుల్లోని కార్బన్‌ను బట్టి ఎంత పెట్రోలు కాలిందో లెక్కగడతారు. ఒక కారును మరో కారుతో పోల్చడానికి అది సరైన కొలతే గానీ, మీరు మీ కారు నుంచి ఆశించవలసిన అంకె కాదు. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఈ మిశ్రమానికి తగ్గట్టు సరిచేసిన ఇంజన్లలో మైలేజీ ఒకటి రెండు శాతం, పాతరకం కార్లలో ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగే చిన్న కారుకు 15.8 రావడం నాకు వింతగా లేదు. షోరూము మీద ఫిర్యాదు చేసే హక్కు మీకుంది గానీ, ఆ అంకె పరీక్షా పరిస్థితుల్లో వచ్చినదని వాళ్లు కాగితం చూపిస్తే, ఈ డైరీతో మీ వాదన నిలబడదు.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం.

మీ అబ్బాయి చెప్పినట్టు ట్రాకర్ పెట్టించవచ్చు. కారు ఎక్కడికి వెళ్లింది, ఎంతసేపు ఆగింది అన్నది అది చెబుతుంది. ట్యాంకులో ఎంత ఉందో చెప్పదు. పెట్రోలు మట్టం కూడా చూపే పరికరాలున్నాయి గానీ, అవి చూసేది ట్యాంకులో తేలే ఫ్లోటునే. బండి ఏటవాలుగా నిలిస్తేనే ఆ అంకె మారిపోతుంది. మీ ప్రశ్నకు జవాబు దొరకకుండానే, తనను కనిపెట్టడానికే అది పెట్టారని అతనికి తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో పెట్టించి ఉంటే అది కారు భద్రత కోసం. ఆ సాయంత్రం తర్వాత పెట్టిస్తే దాని అర్థం వేరు.

మాన్పించవచ్చు. జీతం ఇచ్చేది మీరు, ఆ హక్కు మీది. కానీ ఆ తర్వాత కొత్త డ్రైవరు వచ్చినా మీ కారు ఊళ్లో ఇచ్చేది ఆ పదిహేనున్నరే. ఏదో ఒకనాడు కొత్త మనిషి కూడా మెడ దాకా పోయించుకుని వస్తాడు, డైరీలో మళ్లీ పన్నెండు కనిపిస్తుంది. పాత డ్రైవరును ఎందుకు మాన్పించారన్నది మీరు చెప్పకపోయినా మీ ఊళ్లో తెలుస్తుంది. పెట్రోలు దొంగ అన్న మాట పడితే డ్రైవరుకు ఇంకో ఇంట్లో తాళంచెవి ఇవ్వరు. పదిహేనేళ్లు మీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్ల నాన్నగారికి ఆ మాట చేరుతుంది. ఇంత జరగడానికి ఆధారం ఈ ఆరు పద్దులే అయితే, అవి మీ పక్షాన లేవని పైన చూశాం.

ఏమీ మాట్లాడకుండా ఇంకో రెండు మూడు నెలలు లెక్క రాసి, తర్వాత తేల్చుకోవచ్చు. కొలత వరకు ఇది మంచి దారే. కానీ అతను క్యారేజీ తెచ్చుకుని కారులో తింటున్నంత కాలం మీ ఇంట్లో ముగ్గురికీ ముద్ద దిగదు. అన్నాళ్లు అతను ఆగుతాడన్న నమ్మకం కూడా లేదు. నిజంగా తీయనివాడైతే ఇంకో పని దొరికిన రోజునే వెళ్లిపోతాడు.

నాలుగో దారి, అతణ్ని కూర్చోబెట్టుకుని ఈ పద్దులు అతనికే చూపించడం. రెండూ మూడూ కలిపి, ఐదూ ఆరూ కలిపి మీ చేత్తో భాగించి, పొరపాటు పడ్డానని చెప్పడం. మీరు మాట అన్నది బావమరిదిగారి ఎదుట కాబట్టి, ఇది కూడా ఆయన ఎదుటే చెబితే దాని విలువ వేరు. మీ వయసుకు, హోదాకు ఇది తేలిక కాదని నాకు తెలుసు. దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది. రేపు నిజంగానే ఏదైనా తేడా వస్తే మళ్లీ అడగడానికి మీకు నోరు రాకపోవచ్చు. అందుకే మాట చెప్పిన రోజునే ఇద్దరికీ ఒప్పుదలైన పద్ధతి ఒకటి పెట్టుకోండి. ఒకే బంకు, కుదిరితే ఒకే పంపు. మొదటి టక్కుకే ఆపాలి, రౌండు చేయకూడదు. బిల్లు తేవాలి, అప్పటి మీటరు రీడింగ్ ఫోనులో ఫొటో తీయాలి. డైరీ అతనే రాస్తాడు, మీరు బిల్లుతో సరిచూస్తారు. మధ్యలో ఎప్పుడైనా ఐదు వందలకో వెయ్యికో పోయించవలసి వస్తే ఆ లీటర్లూ రాసుకుని, మళ్లీ ఫుల్ ట్యాంక్ చేసినప్పుడే భాగించాలి. నాలుగైదు ట్యాంకులకు ఒకసారి మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకు అంకె ఎంత వింతగా కనిపించినా దాని మీద ఎవరూ ఏమీ అనకూడదు. ఇలా రాసిన మొత్తం సగటు మూడు నాలుగు శాతానికి మించి కిందికి జారితే అప్పుడు కారణం వెతకవచ్చు, అప్పుడు కూడా ముందుగా టైర్లలో గాలి, సర్వీసింగ్, ప్రయాణాల తీరు చూడాలి.

కారణాల మాట వచ్చింది కాబట్టి, మీ ఉత్తరంలో నాకు కనిపించిన ఒక వాక్యం గురించి చెబుతాను. మూడో పేజీలో, వేరే సందర్భంలో, "మేము లోపల ఉన్న ముప్పావు గంటా కారులోనే కూర్చుని ఉంటాడు" అని రాశారు. చిన్న పెట్రోల్ కారు నిలబడి ఏసీతో నడుస్తూ ఉంటే గంటకు ముప్పాతిక నుంచి ఒక లీటరు దాకా తాగుతుంది, ఒక్క కిలోమీటరు కూడా నడవదు. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట. అందులో సగం సేపు ఏసీ నడిచినా వారానికి ఒక లీటరుకు దగ్గరగా అవుతుంది. జనవరి నుంచి మార్చి మధ్య దాకా పది వారాలు. ఊళ్లో మీ మైలేజీ తగ్గడానికి ఒక కారణం బహుశా ఇదే. ఇలాగే జరిగిందని నేను అనడం లేదు; అతణ్నే అడగండి, నిలదీసినట్టు కాకుండా. అతను ఏసీ వేసుకుని కూర్చున్నాడని తేలినా అది తప్పు పట్టవలసిన విషయం కాదు. ఆ ఫిజియోథెరపీ కేంద్రంలో కూర్చోవడానికి బెంచీ, తలమీద ఫ్యాను ఉంటే అతణ్నీ లోపలికి రమ్మనండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ వేచి ఉండే సమయమే మీ మైలేజీని మళ్లీ కిందికి లాగుతుంది. గోదావరి ఎండల్లో ఏసీ లేకుండా కారులో కూర్చోమని ఎవరినీ అనలేం. అందుచేత కొత్త డైరీలో కిలోమీటర్లు, లీటర్ల పక్కన మూడో గడి ఒకటి గీయించి, ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన నిమిషాలు కూడా అతనిచేతే రాయించండి. జూన్‌లో సగటు పద్నాలుగున్నరకు పడిపోయి కనిపించినప్పుడు, ముందుగా ఆ మూడో గడి కూడండి.